వెట్టి వదిలిన రంగులు



ఆదివారం అనుబంధంలోనో, ఏ బ్యాంకు గోడ మీదనో అప్పుడప్పుడూ ఒక బొమ్మ కనిపిస్తుంది. అందులో మనిషి ఉండడు, చెట్టు ఉండదు, ఇల్లు ఉండదు. ఒక ఎర్రటి మరక, ఒక పసుపు పట్టీ, ఒక నల్లటి చతురస్రం. అంతే! చూసినవాళ్ళలో సగం మంది "ఇదేం బొమ్మ? మా చంటిది కూడా వేస్తుంది" అంటారు. మిగతా సగం ఏమీ అనరు. తమకు అర్థం కాలేదని పక్కవాళ్ళకు తెలిసిపోతుందేమోనని తల ఊపి ముందుకు వెళ్ళిపోతారు. ఈ రెండో సగంలో మనవాళ్ళే ఎక్కువ. "ఇవన్నీ పెద్దింటివాళ్ళ వ్యవహారాలు, మనకెందుకు" అన్న మాట మన నోట ఎంత తేలిగ్గా వస్తుందో మనందరికీ తెలుసు.

ఆ మాట సరికాదని చెప్పడానికే మేము కొందరం పూర్వ విద్యార్థులం కలిసి ఈ వ్యాసం రాస్తున్నాం. మాలో సైన్సు చదివినవాళ్ళున్నారు, చరిత్ర చదివినవాళ్ళున్నారు. చిత్రకారులు మాత్రం ఎవరూ లేరు. చదివి తెలుసుకున్నది తేలిక మాటల్లో మీ ముందు పెడుతున్నాం.

నైరూప్య చిత్రం అంటే రూపం లేని చిత్రమని అర్థం. నిజానికి అందులోనూ రూపాలుంటాయి, కానీ లోకంలో మనం చూసే ఫలానా వస్తువు రూపం ఉండదు. రంగు, గీత, ఆకారం, ఇవే అక్కడ కథానాయకులు. 1906 నుంచి 1921 వరకు, ఓ పదిహేనేళ్ళ కాలంలో ఐరోపాలో ఈ చిత్రకళ రూపుదిద్దుకుంది. అంతకుముందు వందల ఏళ్ళ పాటు అక్కడి చిత్రాల్లో రంగు చేసిన పని ఒక్కటే, వస్తువుకు ఊడిగం. ఆకు గీస్తే పచ్చ వచ్చి నిలబడాలి. ఆకాశం గీస్తే నీలం రావాలి. రాజుగారి అంగీకి ఎరుపు రావాలి. తన సొంత మాట చెప్పే హక్కు రంగుకు లేదు. వెట్టి అంటే ఏమిటో మన తాతల ఒంటికి తెలుసు. ఆ కష్టాన్ని రంగుతో సమానం చేయడం మా ఉద్దేశం కాదు. పోలిక కోసమే ఆ మాట వాడుతున్నాం. రంగుకు ఆ వెట్టి ఎలా తప్పింది, ఎవరు తప్పించారు, ఆ కొత్త కాలం ఎలాంటిది అన్నదే మన విషయం.

రంగుల్లోనూ ఎక్కువ తక్కువలు

పాతకాలపు ఐరోపాలో రంగులన్నీ ఒక్క ధరకు దొరికేవి కావు. అన్నింటికన్నా ఖరీదైనది అల్ట్రామెరైన్ అనే నీలం. ఆఫ్ఘనిస్తాన్‌లోని బదక్షాన్ కొండల్లో తవ్విన లాజవర్దం రాయిని నూరి దాన్ని తీసేవారు. ఒక్కో కాలంలో అది బంగారంతో పోటీపడే ధర పలికేది. అందుకే చర్చి చిత్రాల్లో మరియమాత వస్త్రానికి దాన్ని దాచి వాడేవారు. ఎంత నీలం వాడాలో చిత్రం వేయించుకునేవారు ఒప్పందంలోనే రాసుకునేవారు. అంటే బొమ్మలో ఎవరికి ఏ రంగు అన్నది డబ్బూ హోదా నిర్ణయించిన సంగతి.

1824లో ఫ్రాన్సులో ఒక సంఘం, చవగ్గా ఈ నీలాన్ని తయారుచేసినవారికి 6,000 ఫ్రాంకుల బహుమతి ప్రకటించింది. 1828లో జాన్ బాప్తిస్త్ గిమే అనే రసాయనవేత్త ఆ బహుమతి గెలుచుకున్నాడు. చీనామట్టి, సోడా, గంధకం లాంటి మామూలు సరుకులతో కొలిమిలో పుట్టిన నీలం అది. ఇదంతా ఎక్కడో జరిగిన సంగతి అనుకోకండి. మన తెల్ల చొక్కాలకు పెట్టే నీలం పొడి ఉంది చూశారూ, అది ఇదే పదార్థం! ఒకప్పుడు మరియమాతకు మాత్రమే దక్కిన నీలం, రసాయనశాస్త్రం పుణ్యమా అని మన బకెట్లోకి వచ్చింది.

1856లో లండన్‌లో విలియం పెర్కిన్ అనే 18 ఏళ్ళ విద్యార్థి మలేరియా మందు క్వినైన్‌ను తయారుచేయాలని ఇంట్లోనే ప్రయోగాలు చేశాడు. క్వినైన్ రాలేదు. పాత్రలో మిగిలిన మడ్డి నుంచి అద్భుతమైన ఊదా రంగు వచ్చింది. బొగ్గు తారు నుంచి వచ్చిన మొదటి ప్రసిద్ధ అద్దకపు రంగు అదే. 1868లో జర్మనీ శాస్త్రవేత్తలు మంజిష్ఠ వేరులోని ఎరుపును, అంటే ఆలిజరిన్‌ను, తారు నుంచే తీశారు. 1897లో జర్మన్ కంపెనీ బాస్ఫ్ కృత్రిమ నీలిమందును మార్కెట్లోకి దించింది.

ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగాలి. బందరు కలంకారీ అద్దకానికి ఎరుపునిచ్చిన చిరివేరు, కడప, నెల్లూరు ప్రాంతాల్లో పండిన నీలిమందు ఈ ఫ్యాక్టరీ రంగుల ముందు నిలవలేకపోయాయి. వేరు తవ్వినవాళ్ళ కూలి పోయింది, నీలిమందు తొట్లలో దిగి తొక్కినవాళ్ళ కూలి పోయింది. అలాగని పాత నీలిమందు కాలం స్వర్గమేమీ కాదు. తెల్లదొరల బలవంతపు నీలిసాగు మీద 1859లో బెంగాల్ రైతులు తిరగబడ్డారు. అది చరిత్రలో ఉంది. కొత్త కాలం ఒక చేత్తో ఇస్తుంది, ఇంకో చేత్తో లాక్కుంటుంది. రంగు చవకైనప్పుడు ఎవరి చేతికి వచ్చింది, ఎవరి చేతిలోంచి పోయింది అన్న ప్రశ్న ఎప్పుడూ వేసుకోవాల్సిందే.

చిత్రకారుల వరకు చూస్తే అది పండగే. 1841లో జాన్ గోఫ్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు తగరపు ట్యూబును కనిపెట్టాడు. అంతకుముందు నూరిన రంగును పంది మూత్రాశయపు తిత్తిలో కట్టి ఉంచేవారు. అది కాస్త గాలి తగిలితే ఎండిపోయేది. ట్యూబు వచ్చాక చిత్రకారుడు రంగుల్ని సంచిలో వేసుకుని పొలం గట్టుకో, రైల్వే స్టేషనుకో వెళ్ళగలిగాడు. ఇంతలో 1839లో ఫోటోగ్రఫీ లోకానికి తెలిసింది. మనిషి ముఖాన్ని ఉన్నదున్నట్టు దించే యంత్రం వచ్చాక, చిత్రకారుడు చేయాల్సిన పని ఏమిటన్న ప్రశ్న మొదలైంది.

పక్కనున్న రంగు చేసే మాయ

ప్యారిస్‌లో గోబెలిన్ అనే పేరున్న నేతశాల ఉంది. అక్కడ అద్దకం విభాగానికి 1824లో మిషెల్ యూజీన్ షెవ్రల్ అనే రసాయనవేత్త అధిపతి అయ్యాడు. "మీ నల్లదారం వెలిసిపోయినట్టుంది" అని ఆయనకు ఫిర్యాదులు వచ్చేవి. షెవ్రల్ దారాన్ని పరీక్షించి చూశాడు. అద్దకంలో లోపం లేదు. ఆ నలుపును నీలం, ఊదా దారాల పక్కన నేసినప్పుడే అలా వెలవెలబోతోంది. లోపం దారంలో లేదు, పక్కనున్న రంగు ప్రభావం అది! దీన్ని లోతుగా శోధించి 1839లో ఆయన పెద్ద గ్రంథం ప్రచురించాడు. రెండు రంగులు పక్కపక్కన చేరినప్పుడు ఒకదాన్ని ఒకటి మార్చివేస్తాయని, ఎరుపు పక్కన ఆకుపచ్చ, నీలం పక్కన నారింజ చేరితే రెండూ మరింత మెరుస్తాయని అందులో వివరించాడు. షెవ్రల్ 102 ఏళ్ళు బతికి, ఐఫిల్ టవర్ ప్రారంభమైన 1889లో కన్నుమూశాడు.

ఇది మీరే పరీక్షించి చూడవచ్చు. ఖర్చేమీ లేదు.

మొదటి ప్రయోగం: బూడిద రంగు కాగితం నుంచి ఒకే కొలత గల రెండు చిన్న ముక్కలు కత్తిరించండి. ఒకటి ముదురు ఎరుపు కాగితం మధ్యలో, ఇంకొకటి ఆకుపచ్చ కాగితం మధ్యలో పెట్టండి. ఎరుపు మీదున్న ముక్క కాస్త పచ్చగా, పచ్చ మీదున్నది కాస్త ఎర్రగా కనిపిస్తుంది. రెండూ ఒకే కాగితం ముక్కలని మీకు తెలిసినా కంటికి అలాగే అనిపిస్తుంది.

రెండో ప్రయోగం: ఎర్రటి కాగితాన్ని మంచి వెలుతురులో అర నిమిషం రెప్ప వేయకుండా చూసి, వెంటనే తెల్లగోడను చూడండి. గోడ మీద నీలం కలిసిన పచ్చటి నీడ తేలుతుంది. ఆ పచ్చ గోడ మీద లేదు, మీ కంట్లో పుట్టింది.

ఈ రెండు ప్రయోగాల్లోనే తొలి నైరూప్య చిత్రకళ సగం దాగి ఉంది. రంగు వస్తువుకు అతికించిన తొడుగు కాదు. పక్క రంగుతోను, వెలుగుతోను, చూసే కంటితోను పెట్టుకున్న సంబంధంలోనే అది బతుకుతుంది. అలాంటప్పుడు వస్తువు లేకుండా రంగు ఒక్కటే బొమ్మను నిలబెట్టలేదా?

గడ్డివామి కనిపించని గడ్డివాము

ఆ ప్రశ్న వాసిలీ కాండిన్‌స్కీ అనే రష్యన్‌కు గట్టిగా తగిలింది. 1866లో మాస్కోలో పుట్టిన ఆయన లా, ఆర్థికశాస్త్రం చదివి విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాడు. 1889లో పరిశోధన పని మీద వొలోగ్డా ప్రాంతపు పల్లెలకు వెళ్ళాడు. అక్కడి రైతుల ఇళ్ళలో బల్లలు, పెట్టెలు, గోడలు అన్నీ ముదురు రంగుల బొమ్మలతో నిండి ఉన్నాయి. చిత్రం లోపలికే నడిచి వెళ్ళినట్టు అనిపించిందని తరువాత రాసుకున్నాడు.

1896లో మాస్కోలో ఫ్రెంచి చిత్రాల ప్రదర్శన జరిగింది. అందులో క్లాద్ మోనే వేసిన గడ్డివాము బొమ్మ ఉంది. మోనే 1890-91లో అవే గడ్డివాముల్ని పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, మంచులో, ఎండలో పాతిక దాకా చిత్రాలుగా వేశాడు. కాండిన్‌స్కీకి బొమ్మ ముందు నిలబడితే గడ్డివాము కనబడలేదు. క్యాటలాగు చూశాకే అది గడ్డివామని తెలిసింది. అయినా ఆ బొమ్మ ఆయన్ని వదల్లేదు. వస్తువు గుర్తు పట్టకపోయినా రంగు మనసును పట్టేసింది! ఆ ఏడాదే దోర్పాత్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ ఉద్యోగం చేతికొచ్చినా కాదనుకుని, 30 ఏళ్ళ వయసులో బొమ్మలు నేర్చుకోవడానికి మ్యూనిక్ వెళ్ళాడు.

అక్కడ ఒక సాయంత్రం తన స్టూడియోలో ఎంతో అందమైన, ఏ వస్తువూ లేని చిత్రం ఒకటి చూసి ఆశ్చర్యపోయాడట. దగ్గరికి వెళితే అది ఆయనదే. పక్కకు తిరగబడి ఉంది. తన చిత్రాలకు వస్తువులే అడ్డు అని ఆయనకు అప్పుడు తోచింది. 1911 డిసెంబరులో వెలువడిన 'కళలో ఆధ్యాత్మికత గురించి' అనే పుస్తకంలో రంగుల స్వభావాలు వివరించాడు. పసుపు మన మీదికి దూసుకొస్తుందని, నీలం మన నుంచి లోపలికి వెళ్ళిపోతుందని అన్నాడు. రంగుల్ని వాద్యాలతో పోల్చాడు. లేత నీలం వేణువు, ముదురు నీలం చెల్లో. పచ్చ మాత్రం మేసి పడుకున్న ఆవులాగా కదలదు, మెదలదు అన్నాడు!

చంటిపిల్లలు కూడా వేస్తారనేవారికి ఒక్క సంగతి. కాండిన్‌స్కీ 1913లో వేసిన 'కంపోజిషన్ 7' రెండు మీటర్ల ఎత్తు, మూడు మీటర్ల వెడల్పు ఉంటుంది. పెద్ద కాన్వాసు మీద పని నాలుగు రోజుల్లో అయిపోయింది. దానికి ముందు వేసుకున్న ముసాయిదాలు మాత్రం 30కి పైనే.

అయితే ఆయన చెప్పిన రంగుల అర్థాలన్నీ అందరికీ వర్తిస్తాయా? మాకు సందేహమే. తెలుపు ఒకచోట పెళ్ళి బట్ట, ఇంకోచోట వైధవ్యం. నీలం కాండిన్‌స్కీకి ఆకాశంవైపు లాగే రంగు. మనకు నీలం చూడగానే బాబాసాహెబ్ 1942లో స్థాపించిన షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ జెండా గుర్తుకొస్తుంది, ఏప్రిల్ 14 గుర్తుకొస్తుంది. ఆ అర్థం మన చరిత్ర ఇచ్చింది. రంగు అందరితోనూ మాట్లాడుతుంది, కానీ అందరితోనూ ఒకే మాట అనదు.

పెట్టెలో దాగిన పెద్ద చిత్రాలు

చాలాకాలం కాండిన్‌స్కీనే మొదటివాడని పుస్తకాల్లో రాశారు. ఆయనకన్నా ముందే స్వీడన్‌లో ఒక స్త్రీ ఈ పని మొదలుపెట్టింది. ఆమె పేరు హిల్మా ఆఫ్ క్లింట్. 1862లో పుట్టి, 1887లో స్టాక్‌హోం రాయల్ అకాడమీలో చదువు పూర్తిచేసింది. బతుకుతెరువుకు ప్రకృతి దృశ్యాలు, మనుషుల బొమ్మలు వేసేది. 1906 నుంచి 1915 వరకు 'ఆలయం కోసం చిత్రాలు' అనే వరుసలో 193 చిత్రాలు వేసింది. వాటిలో 1907 నాటి 'పది మహా చిత్రాలు' ఒక్కొక్కటి మూడు మీటర్లకు పైగా ఎత్తు. నారింజ, లేత ఊదా, నీలం రంగుల మైదానాల మీద వలయాలు, పూరేకుల్లాంటి ఆకారాలు తేలుతుంటాయి. ఆమె లెక్కలో నీలం స్త్రీ, పసుపు పురుషుడు, రెండూ కలిస్తే పచ్చ.

తన కాలం వీటిని అర్థం చేసుకోలేదని ఆమెకు తెలుసు. తాను పోయాక 20 ఏళ్ళ వరకు వీటిని బయట చూపవద్దని చెప్పి 1944లో కన్నుమూసింది. 1986లో లాస్ ఏంజెలెస్ ప్రదర్శనలో కొన్ని మొదటిసారి లోకం కంటపడ్డాయి. 2018-19లో న్యూయార్క్ గుగెన్‌హైమ్ మ్యూజియంలో పెట్టిన ఆమె ప్రదర్శనను 6 లక్షల మందికి పైగా చూశారు. 'మొదటివాడు ఎవరు' అని రాసేవాళ్ళు ఎవరి ఇళ్ళలోని పెట్టెలు తెరిచి చూశారు, ఎవరివి తెరవలేదు అన్నది మనం అడగాల్సిన ప్రశ్న.

ఇక్కడ మనకు దగ్గరైన సంగతి ఒకటుంది. హిల్మా, మోండ్రియాన్ ఇద్దరూ దివ్యజ్ఞాన సమాజ సభ్యులు. ఆ సమాజపు ప్రధాన కేంద్రం 1882 నుంచి మద్రాసు అడయారులో ఉంది. దాని నాయకురాలు అనిబిసెంట్ పేరే మదనపల్లె బి.టి. కాలేజీలోని 'బి'. ఆమె, లెడ్‌బీటర్ కలిసి కోపానికి ఏ రంగు, భక్తికి ఏ రంగు అని పట్టిక వేసి ప్రచురించిన పుస్తకాన్ని కాండిన్‌స్కీ కూడా చదివాడు. ఆ పట్టిక శాస్త్రం కాదు. కంటికి కనబడని మనసును రంగుతో చూపవచ్చన్న ధైర్యాన్ని మాత్రం ఆ చిత్రకారులకు ఇచ్చింది. అసలు ఆ కాలమే అలాంటిది. 1895లో ఎక్స్‌రే వచ్చి చేతి లోపలి ఎముకను చూపింది. పరమాణువు విడిపోతుందన్న వార్త విన్నప్పుడు గట్టి గోడలన్నీ కూలినట్టయిందని కాండిన్‌స్కీ రాశాడు. కనిపించేదే సత్యమన్న నమ్మకం సైన్సులోనే సడలుతుంటే బొమ్మలో ఎందుకు నిలుస్తుంది?

ఒక బొంత, కొన్ని వీధిదీపాలు

సోనియా దెలోనే 1885లో ఇప్పటి ఉక్రెయిన్‌లో ఒక పేద యూదు కుటుంబంలో పుట్టింది. చిన్నప్పుడే కలవారైన మేనమామ ఆమెను సెయింట్ పీటర్స్‌బర్గ్ తీసుకెళ్ళి పెంచుకున్నాడు. ఆ తరువాత ప్యారిస్ చేరి చిత్రకారుడు రాబర్ట్ దెలోనేను పెళ్ళాడింది. 1911లో కొడుకు పుట్టినప్పుడు, తన చిన్ననాట పల్లెల్లో రైతుల ఇళ్ళలో చూసినట్టుగా గుడ్డముక్కలు కలిపి ఉయ్యాలకు ఒక బొంత కుట్టింది. అచ్చం మన అమ్మలు పాత చీరలు, లంగాలు కత్తిరించి కుట్టినట్టే! ముదురు ముక్క పక్కన లేత ముక్క, గులాబీ పక్కన పచ్చ. ఏ బొమ్మా లేదు, రంగులు రంగులతో మాట్లాడుకుంటున్నాయి. ఆ బొంత ఇప్పుడు ప్యారిస్ జాతీయ ఆధునిక కళా మ్యూజియంలో చిత్రాల సరసన ఉంది.

రాబర్ట్ 1912లో 'కిటికీలు' అనే వరుస వేశాడు. కిటికీ, ఐఫిల్ టవర్ రంగు పలకల్లో కరిగిపోతాయి. భార్యాభర్తలిద్దరూ షెవ్రల్ గ్రంథం నుంచే తమ పద్ధతికి 'ఏకకాల రంగులు' అని పేరు పెట్టుకున్నారు. 1914లో సోనియా వేసిన 'విద్యుత్ పట్టకాలు' చూడండి. ప్యారిస్ వీధిలో అప్పటికి కొత్తగా వెలిగిన కరెంటు దీపాల చుట్టూ కనిపించే వెలుగు వలయాలే రెండున్నర మీటర్ల కాన్వాసు నిండా ఎరుపు, నీలం, పసుపు చక్రాలయ్యాయి. చూసినవాళ్ళకు వేడుక, నగరానికి కొత్త రాత్రి. మొదటిసారి కరెంటు వచ్చిన రోజు మన ఊళ్ళలో పెద్దవాళ్ళు ఎలా చూశారో అడిగి తెలుసుకోండి, ఈ చిత్రం సగం అర్థమవుతుంది.

1917 రష్యా విప్లవంతో పుట్టింటివైపు నుంచి వచ్చే ఆదాయం ఆగిపోయింది. సోనియా గుడ్డల మీద రంగులు వేసి, దుస్తులు కుట్టించి సంసారం నడిపింది. బట్టలు కుట్టేది కదా అని విమర్శకులు చాలాకాలం ఆమెను భర్త వెనక నిలబెట్టారు. 1964లో లూవ్రు మ్యూజియం ఆమె జీవితకాలపు పనిని ప్రదర్శించింది. బతికుండగా ఆ గౌరవం పొందిన మొదటి స్త్రీ ఆమె.

దేవుడి మూలలో నల్ల చతురస్రం

కజిమీర్ మాలెవిచ్ 1879లో కీవ్‌లో పుట్టాడు. తండ్రి చక్కెర ఫ్యాక్టరీల్లో పనిచేసేవాడు. ఫ్యాక్టరీ ఎక్కడుంటే కుటుంబం ఆ పల్లెకు వెళ్ళేది. రైతు స్త్రీలు గోడల మీద, పొయ్యి మీద వేసే బొమ్మలు, బట్టల మీద కుట్టే పూలు చూస్తూ పెరిగాడు. 1915 డిసెంబరులో పెట్రోగ్రాడ్‌లో జరిగిన '0,10' ప్రదర్శనలో ఆయన 39 చిత్రాలు పెట్టాడు. వాటిలో 'నల్ల చతురస్రం' ఒకటి. దాన్ని రెండు గోడలు కలిసే మూలలో, పైన తగిలించాడు. రష్యన్ ఇళ్ళలో దేవుడి పటం పెట్టే చోటది! మన ఇంట్లో పటాల గూట్లో ఎవరో నల్లటి అట్ట పెడితే ఎంత గొడవవుతుందో ఊహించుకోండి. బొమ్మ అంటే ఎవరికో మొక్కడానికో, ఎవరినో పొగడడానికో ఉండనక్కరలేదని ఆయన తేల్చి చెప్పాడు. 2015లో మాస్కో త్రెత్యకోవ్ గ్యాలరీవారు ఎక్స్‌రేతో పరీక్షిస్తే ఆ నలుపు కింద రెండు రంగుల చిత్రాలు బయటపడ్డాయి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఆ ప్రదర్శనకు నెల ముందే, 1915 నవంబరులో మాస్కోలో మాలెవిచ్ కొత్త పద్ధతి నమూనాలు కుట్టుపని రూపంలో జనం ముందుకు వచ్చాయి. కుట్టినవాళ్ళు ఉక్రెయిన్‌లోని వెర్బొవ్కా గ్రామపు రైతు స్త్రీలు. అంటే లోకాన్ని ఆశ్చర్యపరిచిన ఆ రంగు ఆకారాలు కాన్వాసుకన్నా ముందు పల్లెటూరి ఆడవాళ్ళ సూదికొన మీద కనిపించాయి. మాలెవిచ్ పేరు ప్రతి పుస్తకంలో ఉంది. ఆ స్త్రీల గురించి రాసిన పుస్తకాలు ఎన్ని?

మూడు రంగులు చాలు

పీట్ మోండ్రియాన్ 1872లో హాలండులో పుట్టాడు. మొదట చెట్లు, గాలిమరలు వేశాడు. ఆయన 'ఎర్రచెట్టు' తరువాత 1911 నాటి 'బూడిదరంగు చెట్టు' చూస్తే కొమ్మలు కరిగి వంపు గీతలవుతాయి. ఇంకొన్నేళ్ళకు చెట్టే మాయమైంది. చివరికి మిగిలినవి అడ్డం నిలువు నల్లగీతలు, తెల్లటి ఖాళీ, మూడు మూల రంగులైన ఎరుపు, పసుపు, నీలం. అవి అలికినట్టు సమంగా పరిచిన గడులు కావు. ఒక మూల చిన్న నీలం గడి ఇంకో మూలనున్న పెద్ద ఎర్రగడితో తూగుతుంది. త్రాసులో చిన్న రాయి, పెద్ద దూదిమూట తూగినట్టు. యుద్ధం నుంచి తప్పించుకుని 1940లో న్యూయార్క్ చేరాడు. అక్కడ నల్లజాతి సంగీతకారులు సృష్టించిన బూగీవూగీ సంగీతం విని మురిసిపోయి, 1942-43లో 'బ్రాడ్‌వే బూగీవూగీ' వేశాడు. అందులో నల్లగీతలు పోయి, చిన్న చిన్న రంగు గడులు వీధి లైట్లలా గెంతుతాయి.

అలెగ్జాండర్ రోద్చెంకో తల్లి చాకిరేవు పని చేసేది. ఆయన 1921లో మాస్కోలో మూడు కాన్వాసులు పెట్టాడు. ఒకటి పూర్తిగా ఎరుపు, ఒకటి పూర్తిగా పసుపు, ఒకటి పూర్తిగా నీలం. ఇంతకన్నా ముందుకు వెళ్ళడానికి దారి లేదనుకుని, ఆ తరువాత పోస్టర్లు, పుస్తకాల అట్టలు, ఫోటోలవైపు మళ్ళాడు. రంగుకు పూర్తి స్వేచ్ఛ వచ్చాక, ఆ రంగు మళ్ళీ జనంలోకి వెళ్ళింది. ఈసారి కూలి కోసం కాదు, తన ఇష్టంతో.

పాలకులకు ఎందుకంత భయం?

ఏ నినాదమూ లేని ఈ రంగుల్ని చూసి నియంతలు జడుసుకున్నారు. సోవియట్ అధికారులు 1930లో మాలెవిచ్‌ను అరెస్టు చేశారు. ఆయన నల్ల చతురస్రం దశాబ్దాల పాటు జనానికి కనబడకుండా లోపలే ఉండిపోయింది. 1933లో నాజీల ఒత్తిడితో కాండిన్‌స్కీ పాఠాలు చెప్పే బౌహౌస్ కళాశాల మూతపడింది. 1937లో మ్యూనిక్‌లో 'పతన కళ' అనే పేరుతో ఆధునిక చిత్రాలను ఎగతాళి చేయడానికి నాజీలే ఒక ప్రదర్శన పెట్టారు. కాండిన్‌స్కీ చిత్రాలు అందులో ఉన్నాయి. ఎందుకీ కోపం? నాయకుడి బొమ్మ వేస్తే దాని అర్థం నాయకుడే చెప్తాడు. ఎర్ర వలయం వేస్తే దాని అర్థం చూసినవాడే తేల్చుకోవాలి. తనకు తాను తేల్చుకునే మనిషి నియంతకు పనికిరాడు. హిల్మా, మోండ్రియాన్, కాండిన్‌స్కీ ముగ్గురూ 1944లోనే, యుద్ధం ముగియకముందే వెళ్ళిపోయారు. వాళ్ళ రంగులు మాత్రం నిలిచాయి.

మన గడ్డకు చేరిన అల

ఈ చిత్రాలు మన దేశానికి ఎప్పుడో వచ్చాయి. 1922 డిసెంబరులో కలకత్తాలో బౌహౌస్ చిత్రకారుల ప్రదర్శన జరిగింది. కాండిన్‌స్కీ, పాల్ క్లే పనులు అక్కడ మనవాళ్ళు చూశారు.

మన తెలుగువాడి మాట కూడా చెప్పుకోవాలి. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో, పొలం పని చేసుకునే కుటుంబంలో పుట్టిన కృష్ణారెడ్డి శాంతినికేతన్‌లో చదివి, లండన్ మీదుగా ప్యారిస్ చేరాడు. అక్కడ స్టాన్లీ హేటర్ నడిపే 'అటెలియే 17' అనే ముద్రణశాలలో, తోటి కళాకారులతో కలిసి ఒకే లోహపు పలక మీద ఎన్నో రంగులు ఒకేసారి అచ్చువేసే పద్ధతిని సాధించాడు. కిటుకు ఇది: అవిసె నూనె ఎక్కువ తక్కువలుగా కలిపి సిరాలను పలచగా, చిక్కగా చేస్తారు. పలకను లోతులు ఎత్తులుగా చెక్కి, మెత్తటి రోలరు, గట్టి రోలరు వేర్వేరుగా నడుపుతారు. చిక్కటి సిరా, పలచటి సిరా ఒకదాని మీద ఒకటి వెళ్ళినా కలిసిపోవు. రంగులు పక్కపక్కన మెరుస్తాయి. షెవ్రల్ దారాల్లో చూసిన వింతే ఇక్కడ సిరాల్లో జరిగింది. ఆయన 1963లో వేసిన 'సుడిగుండం' చూస్తే నీటి కదలికే రంగుగా మారినట్టుంటుంది. 1972లో పద్మశ్రీ అందుకుని, 2018లో న్యూయార్క్‌లో మరణించాడు.

ఎలా చూడాలి?

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఇకమీదట ఇలాంటి చిత్రం ఎదురైతే మేము పాటించే పద్ధతి ఒకటి చెబుతాం.

1. "ఇది దేని బొమ్మ?" అని అడగకండి. పాట వింటూ "ఇది ఏ వస్తువు?" అని అడగం కదా!

2. కన్ను ముందు ఎక్కడికి వెళ్ళిందో, అక్కడి నుంచి ఎటు జారిందో గమనించండి.

3. ఒక రంగును చేత్తో మూసి చూడండి. పక్క రంగు మారిందా? బొమ్మ ఒరిగిందా?

4. ఏ సంవత్సరంలో, ఏ ఊళ్ళో, ఎవరు వేశారో చదవండి. ఆ రోజుల్లో అక్కడ కొత్తగా ఏం వచ్చిందో ఆలోచించండి.

5. నచ్చకపోతే నచ్చలేదని ధైర్యంగా చెప్పండి. ఎందుకు నచ్చలేదో కూడా చెప్పండి. తల ఊపి మాత్రం వెళ్ళిపోకండి.

గుర్రపు జీనులు కుట్టేవాడి దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు కుప్కా 1912లో ప్యారిస్‌లో నైరూప్య చిత్రం ప్రదర్శించిన తొలివారిలో ఒకడయ్యాడు. చాకిరేవు తల్లి కొడుకు మూడు రంగులతో చిత్రకళను చివరి గట్టు దాకా తీసుకెళ్ళాడు. పేర్లు మిగలని పల్లె స్త్రీలు కొత్త ఆకారాలకు మొదటి కుట్టు వేశారు. ఈ కళ పుట్టుకలో పనిచేసే చేతులున్నాయి, బొగ్గు తారు ఉంది, వీధిదీపం ఉంది, బొంత ఉంది. ఇది మనది కాదని ఎవరైనా అంటే ఒప్పుకోవాల్సిన అవసరం లేదు.

ఈసారి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు దండెం మీద ఆరేసిన అమ్మ బొంతను ఒక్కసారి దూరంగా నిలబడి చూడండి. ఏ ముక్క పక్కన ఏ ముక్క పెట్టాలని ఎలా తోచిందో అమ్మను అడగండి. ఆమె చెప్పిన జవాబు రాసి పంపితే వచ్చే వార్షికోత్సవ సంచికలో, కుట్టినవాళ్ళ పేరుతో సహా వేద్దాం.